మిద్దె మీదా ఉప్పే, రీల్లోనూ ఉప్పే

విశ్రాంత జీవనం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ చెన్నై నుంచే. ఒకరికి మిరప ఆకు మాడింది, ఇంకొకరికి రీలు బిగుసుకుపోయింది, వేరొకరింట్లో చేపల సంచీ గురించి రోజూ గొడవ. పైకి ఒకదానికొకటి పొంతన లేని సంగతులే గానీ, వాటిలో రెండు మూడింటికి దోషి ఒక్కటే.

మిద్దె మీద ఇరవై గ్రో బ్యాగులు పెట్టాను. తోటకూర, పాలకూర బాగానే వస్తున్నాయి. బీన్స్ మాత్రం మొలిచి చచ్చిపోతోంది. మిరప, కరివేపాకు ఆకుల అంచులు కాల్చినట్టు మాడుతున్నాయి. బలం చాలలేదేమోనని నెలకు రెండుసార్లు ఎరువు వేస్తున్నాను, అయినా లాభం లేదు. పోసేది బోరు నీళ్లే.
*విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వేళచ్చేరి*

ముందు ఎరువు ఆపండి. ఎరువు కూడా ఒక రకం ఉప్పే. మీ మొక్కలకు ఇప్పటికే ఉప్పు ఎక్కువైంది.

గుర్తు పట్టడం తేలిక. ఉప్పు దెబ్బ ముదురాకు కొసన మొదలై అంచుల వెంట లోపలికి పాకుతుంది. బ్యాగు అంచున, మట్టి మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. అలాకాక లేతాకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం, దానికి మందు వేరు. మీరు రాసినదాన్ని బట్టి మీది మొదటిదే.

టీడీఎస్ మీటరు (లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చెప్పే పరికరం) ఒకటి కొని బోరు నీటిలో ముంచి చూడండి. 450 లోపుంటే ఏ మొక్కకూ చింత లేదు. 450 నుంచి 2000 మధ్య ఉంటే మొక్కను బట్టి ఉంటుంది. అన్నిటికంటే ముందు పడిపోయేది బీన్స్. తర్వాత వంగ, మిరప. టమాట ఇంకొంచెం ఓర్చుకుంటుంది. మన పాలకూర బీట్‌రూట్ కుటుంబానిది, అందుకే అంత ఉప్పులోనూ నవ్వుతోంది. 2000 దాటితే ఆ నీళ్లతో కూరగాయల ఆశ వదులుకోవడమే మంచిది.

నేలలో బతికే మొక్క బ్యాగులో ఎందుకు చస్తుందంటే, లెక్క ఇదీ. 1500 టీడీఎస్ ఉన్న నీళ్లు రోజుకు రెండు లీటర్లు పోస్తే మూడు గ్రాముల ఉప్పు లోపలికి వెళ్తుంది. మొక్క నీళ్లు తాగి ఉప్పును మట్టిలోనే వదిలేస్తుంది. అడుగు నుంచి నీరు బయటికి పోకపోతే నెల తిరిగేసరికి ఇరవై లీటర్ల బ్యాగులో 90 గ్రాములు. నేలలోనైతే అది వానకు కిందికి దిగిపోతుంది. బ్యాగులో దిగడానికి చోటేదీ?

కాబట్టి కడగాలి. ఇరవై లీటర్ల బ్యాగుకు నలభై లీటర్ల మంచినీళ్లు కావాలి. ఒకేసారి గుమ్మరిస్తే అంచు వెంట జారిపోతాయి. ఎనిమిది లీటర్ల చొప్పున అరగంటకోసారి ఐదు విడతలుగా పోయండి. మొదలుపెట్టే ముందు అడుగున వేలు దూరేంత కంతలు ఐదారు తెరిచి ఉన్నాయో లేదో చూసుకోండి. కింద పెట్టిన ప్లేటు తీసేయండి, లేకపోతే కడిగిన ఉప్పునే మొక్క మళ్లీ పీల్చుకుంటుంది. ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానలు పట్టుకుంటే ఈ పని ఆకాశమే చేసిపెడుతుంది. ఉప్పుతోబాటు బలం కూడా కొట్టుకుపోతుంది కనుక పదిరోజులాగి బ్యాగుకు రెండు గుప్పిళ్లు వర్మి కంపోస్టు వేయండి.

ఇక మీదట రోజూ చెంబెడు తడిపే అలవాటు మానండి. ఉప్పు పేరుకునేది ముఖ్యంగా దానివల్లే. పోసినప్పుడల్లా అడుగు నుంచి కొంచెం కారేదాకా పోయండి, పై అంగుళం ఆరాకే మళ్లీ పోయండి. మెట్రో వాటరో వాననీరో సగం కలిపితే బోరు నీటి ఘాటు సగానికి తగ్గుతుంది. పది మిల్లీమీటర్ల వాన పడితే నూరు చదరపు అడుగుల మిద్దె మీద తొంభై లీటర్ల పైనే నీరు చేరుతుంది. రెండు వందల లీటర్ల డ్రమ్ము నిండటానికి పెద్ద మిద్దె అక్కర్లేదు. డ్రమ్ముకు గుడ్డ బిగించి కట్టండి, లేకుంటే డెంగీ దోమను మీరే పెంచినట్టు.

తెలియకుండా ఉప్పు వేసే దారులు ఇంకో మూడున్నాయి. ఒకటి ఆర్ఓ మెషిన్ వదిలే నీరు. వృథా ఎందుకని చాలామంది కుండీలకు పోస్తారు గానీ, అది బోరు నీటికన్నా చిక్కటి ఉప్పునీరు. రెండోది వంటింటి నుంచి వచ్చే ఉప్పేసిన గంజి, మజ్జిగ. మూడోది కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు. కడగని బ్లాకులో ఉప్పుంటుంది. ఐదు కిలోల బ్లాకు నానితే అరవై డెబ్బై లీటర్లు అవుతుంది. దాన్ని మూడు నీళ్లు మార్చి పిండాకే మట్టిలో కలపాలి.

కుండీల వల్లే శ్లాబు కారుతోందని కింది ఫ్లాటువాళ్లు అంటున్నారు. మొత్తం తీసేయమంటోంది అసోసియేషన్. ఏం చేయాలి?
*విశ్రాంత ఉపాధ్యాయురాలు, అన్నానగర్*

మాట మాటకు జవాబు చెప్పేముందు ఒక పరీక్ష చేయండి. వాన లేని వారంలో మూడు రోజులు నీళ్లు మానేయండి. తడి మరక అలాగే ఉంటే పైపులో లీకు వెతకాలి. మరక ఆరితే తప్పు మన వైపు ఉండవచ్చు.

నీరు పోసిన ఇరవై లీటర్ల బ్యాగు ఇరవై నుంచి ఇరవై ఐదు కిలోలు తూగుతుంది. నాలుగు బ్యాగులు ఒకచోట చేరితే అదొక మనిషి బరువు దాటిపోతుంది. శ్లాబు నడిమధ్యన కాకుండా పిట్టగోడ వెంట, దూలాల మీదుగా పెట్టండి. ఒక్కో బ్యాగు కింద ఇటుకలో స్టాండో ఉండాలి, రెండు మూడు అంగుళాల సందులోంచి గాలి ఆడాలి. నేలకు అతుక్కున్న బ్యాగు కింద ఎప్పుడూ తడే ఉంటుంది, వాటర్‌ప్రూఫింగ్ అక్కడే పోతుంది. వాననీటి గొట్టం మూతికి జాలీ వేయండి. తమిళనాడులో 2003 నుంచీ ప్రతి భవనానికీ వాననీటి సంరక్షణ తప్పనిసరి. కుండీ మట్టి కొట్టుకొచ్చి ఆ ఫిల్టరు గొయ్యి పూడిపోయిందంటే అసోసియేషన్ కోపానికి అర్థముంది. ఇవన్నీ చేసి ఫొటోలు తీసి చూపించండి. తీసేయమన్నవాళ్లే గోంగూర అడిగేదాకా వస్తారు.

కోవళం, ముట్టుకాడు వైపు నెలకు నాలుగుసార్లు గాలం వేయడానికి వెళ్తాను. కొన్న ఏడాదికే రీలు తిప్పుతుంటే గరగర. దారం మెలికలు పడుతోంది. ఇంటికి రాగానే పైపు పెట్టి గట్టిగా కడుగుతూనే ఉన్నాను.
*హార్బర్‌లో పనిచేసి రిటైరైన పాఠకుడు, తిరువాన్మియూర్*

ఆ గట్టిగా కడగడమే కొంపముంచింది. వేగంగా కొట్టిన నీరు పైనున్న ఉప్పును సందుల్లోంచి లోపలి గ్రీజు దాకా తోసేస్తుంది. బకెట్లో ముంచినా అంతే.

పద్ధతి ఇదీ. డ్రాగ్ నాబ్ (దారం ఎంత బిగువుగా జారాలో సరిచేసే మర) పూర్తిగా బిగించండి, లోపలి వాషర్లలోకి నీరు పోకుండా. మొక్కలకు నీళ్లు చల్లే పూల డబ్బాతో మెల్లగా తడపండి. గుడ్డతో తుడిచి, నాబ్ వదులు చేసి, దారం చుట్టుకునే స్పూలు ఊడదీసి విడిగా నీడలో ఆరనివ్వండి. నాబ్ బిగించే వదిలేస్తే వాషర్లు అణిగిపోయి, తర్వాత పెద్ద చేప లాగినప్పుడు దారం జారకుండా తెగుతుంది. బోరు నీళ్లతో కడగవచ్చా అని సందేహం వస్తే, సముద్రపు నీటిలో లీటరుకు ముప్ఫై ఐదు గ్రాముల ఉప్పు, బోరు నీటిలో మహా అయితే రెండు. కడగడానికి సరిపోతుంది. కాకపోతే తుడవకుండా ఆరబెట్టకండి.

దారం మెలికలు పడేది సాధారణంగా బెయిల్ (దారాన్ని స్పూలు మీదికి చుట్టే తీగ కమ్మి) చివరనున్న చిన్న గిలక బిగుసుకుపోతే. వేలితో తిప్పి చూడండి, తిరగకపోతే దోషం దొరికినట్టే. రీలు నూనె ఒక చుక్క వేసి తిప్పుతూ ఉంటే చాలాసార్లు వదులవుతుంది. పిడి కాడకూ ఒక చుక్క. తుప్పు వదిలించే స్ప్రేలు నూనెకు బదులు కావు, అవి ఉన్న గ్రీజును కరిగించి పోతాయి.

గరగర తగ్గాలంటే తెరవాల్సిందే. ఒక్కో మర తీసేముందు ఫోనుతో ఫొటో తీసుకోండి. పాత గ్రీజును కిరోసిన్ తడిపిన బ్రష్షుతో తుడిచి, పళ్ల మీద కొత్త గ్రీజు పలచగా పూయండి. ఒకచోట మాత్రం గ్రీజు వద్దే వద్దు: పిడి వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగు. దానికి గ్రీజు తగిలితే జారి పిడి వెనక్కి తిరుగుతుంది. ఇంట్లో బాగుచేసిన రీళ్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

అలాగే కర్రకుండే రింగులన్నిటిలోంచీ చిన్న దూది ముక్క లాగి చూడండి. పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పింగాణీ పగిలిందన్నమాట, మీ దారం తెగేది అక్కడే. కొక్కేల పెట్టెలో తుప్పుపట్టినది ఒక్కటి ఉన్నా మిగతావాటికి అంటిస్తుంది. తడి కొక్కేన్ని ఆ పెట్టెలో వేయకండి. కొక్కేల ముల్లును పట్టకారుతో నొక్కేయడం మంచి అలవాటు. చేపలు కొన్ని తప్పించుకుంటాయి, నిజమే. కానీ అదే కొక్కెం మీ వేలికి దిగితే ఇంటి దగ్గరే ఊడొస్తుంది. ముల్లున్నది లోతుగా దిగితే లాగకండి, దారం కత్తిరించి ఆస్పత్రికి వెళ్లి టీటీ వేయించుకోండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్త. షుగరున్నవారు రాళ్ల మీద చెప్పుల్లేకుండా నిలబడకూడదు. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ముంచి ఉంచండి, ముప్ఫై నిమిషాల నుంచి గంటన్నర దాకా. వేడిని ముందు రెండో చేత్తో చూసుకోండి, నొప్పిలో కాలేది తెలియదు.

మనవణ్ని బడికి దింపడం, సాయంత్రం తీసుకురావడం నా పని. మిత్రులు ప్రతి శనివారం ఉదయం ఆరింటికి చేపలకు రమ్మంటారు. ఒక శనివారం బాగా పడతాయి, మరుసటి శనివారం ఒక్కటీ పడదు. ఇంట్లో మాత్రం ‘మళ్లీ ఎందుకు’ అని అడుగుతున్నారు.
*విశ్రాంత రైల్వే ఉద్యోగి, మైలాపూర్*

సముద్రానికి శనివారం తెలియదు. పోటు రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ శనివారం ఆరింటికి పోటు నిండితే వచ్చే శనివారం అదే ఆరింటికి నీరు దాదాపు అట్టడుగున ఉంటుంది. పదిహేను రోజులకు మళ్లీ ఉదయం పూటే పోటు. మీకు వారం విడిచి వారం చేపలు పడటానికి ఇదో పెద్ద కారణం కావచ్చు.

కాబట్టి వారంతో కాకుండా పంచాంగంతో వెళ్లండి. అమావాస్య, పున్నమి తర్వాతి ఒకటి రెండు రోజులు నీరు ఎక్కువగా ఎక్కి ఎక్కువగా దిగుతుంది. అష్టమి దాటాక ఆ కదలిక మందగిస్తుంది. చెన్నై తీరంలో తేడా మహా అయితే మూడు నాలుగు అడుగులే. అందుకే నీటి ఎత్తు కన్నా నీరు కదలడమే ముఖ్యం. పోటు ఎక్కడం మొదలైనప్పటి నుంచి నిండేలోపు రెండు గంటలు చాలు, రోజంతా కూర్చోనక్కర్లేదు. నెల మొదట్లో పోటు వేళలు చూసి, బడి వేళలకు అడ్డురాని నాలుగు రోజులు క్యాలెండరులో గుర్తుపెట్టి వంటింట్లో తగిలించండి. ముందే తెలిసిన గైర్హాజరీకి ఇంట్లో ఎవరూ అంతగా విసుక్కోరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉత్తర చెన్నై రాతిగట్ల మీదికి అసలు వెళ్లకండి, అలల మధ్య విరామం చూసి మోసపోయేవారే ఎక్కువ.

కొక్కేల నంబర్ల గురించి కూడా అడిగారు. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది. నంబరు పక్కన గీత, సున్నా (2/0 లాగా) ఉంటే తిరగబడుతుంది, నంబరు పెరిగితే కొక్కెం పెద్దది. కిళంగా చేపకు 8 లేదా 10, పండుగప్పకు 2/0 నుంచి 4/0. రెండింటికీ రొయ్యే ఎర.

మా ఆయన గాలానికేమీ పడని రోజు ఇంటికొస్తూ కాసిమేడు చేపల రేవులో కొని తెస్తారు, పడ్డట్టే చెబుతారు. అది పోనివ్వండి. స్కూటరు డిక్కీలో ప్లాస్టిక్ కవరులో గంటన్నర ఉండిపోయిన అయిల (కానగంత) తిన్నాక ఇద్దరికీ ముఖం ఎర్రబడి, తలనొప్పి, దురద. చేప మా ఒంటికి పడదేమోనని ఊరుకున్నాం. శుభ్రం చేసే పనీ, వాసనా నా నెత్తినే.
*ఒక గృహిణి, రాయపురం*

చేప ఒంటికి పడకపోవడం కాకపోవచ్చు. అయిల, మత్తి, సూర లాంటి చేపలు వెచ్చగా ఉంటే వాటి మాంసంలో హిస్టమిన్ తయారవుతుంది. మీరు రాసిన లక్షణాలు దానివే అనిపిస్తున్నాయి. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట రెండు గంటల్లో వస్తాయి. ఒకసారి తయారైందంటే వేయించినా, పులుసు పెట్టినా పోదు. చూపుకు చేప బాగానే ఉంటుంది, అదే చిక్కు. ఊపిరి ఆడకపోతే, పెదాలు వాస్తే మాత్రం ఆలోచించకుండా ఆస్పత్రికి వెళ్లండి. ఏ చేప తిన్నా ఇలాగే అవుతుంటే డాక్టరుకు చూపించండి.

మందు ఐసే. కిలో చేపకు కిలో ఐసు, అంతకు తగ్గకూడదు. పెద్ద గడ్డ కాదు, దంచిన ముక్కలు. చిన్న థర్మోకోల్ పెట్టె అడుగున ఒక పొర ఐసు, పైన చేప, మళ్లీ ఐసు. కరిగిన నీరు పోవడానికి మూలన చిన్న కంత. చేపను నీట్లో నానబెడితే మెత్తబడుతుంది. గాలానికి పడినదైతే అక్కడే మొప్పల దగ్గర కోసి రక్తం కార్చి, కడుపు తీసి ఐసులో పెట్టాలి. కూవంలో, అడయారు ముఖద్వారంలో పడినవి ఐసులో పెట్టినా తినకండి. అక్కడ కలిసేది ఊరి మురుగు. ఎన్నూరు వాగు సంగతీ అంతే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదతో చమురు తెట్టు పారిందీ అక్కడే.

శుభ్రం చేసే విషయంలో తీర్పు చెప్పమంటే, పట్టినవారే పొలుసు తీయడం న్యాయం. కొనుక్కొచ్చినదైతే అక్కడే డబ్బిచ్చి కోయించుకు రావాలి. ఇంట్లోనైతే మిద్దె కుళాయి దగ్గర టబ్బు నీటిలో ముంచి పొలుసు గీకితే ఎగిరి గోడలకంటవు. కత్తిపీటను ముందు చన్నీళ్లతోనే కడగండి. వేన్నీళ్లు పోస్తే నీసు పట్టుకుపోయి వాసన పోదు.

తీసిన పేగులూ తలలూ పారేయకండి, మిద్దె తోట ఉంటే అది బంగారం. వాటితో చేసే ద్రవ ఎరువును తమిళులు మీన్ అమిలం అంటారు. చేప వ్యర్థం ఒక కిలో, దంచిన నల్లబెల్లం ఒక కిలో ప్లాస్టిక్ డబ్బాలో కలిపి, గుడ్డ కట్టి నీడలో ఉంచండి. డబ్బాలో మూడో వంతు ఖాళీ ఉండాలి, లేదంటే పొంగుతుంది. మూడు నుంచి నాలుగు వారాలకు తేనెలాంటి ద్రవం దిగి నీసు పోయి పండు వాసన వస్తుంది. కుళ్లు కంపు కొడితే బెల్లం తక్కువైనట్టు, ఇంకో పావుకిలో కలపండి. పురుగు పడితే గుడ్డ వదులైనట్టు. లీటరు నీటికి మూడు మిల్లీలీటర్లు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లాలి. ఎక్కువ పోస్తే ఆకు మాడుతుంది. ఉప్పు రాసి కడిగిన చేప నీళ్లు మాత్రం అందులో పోయకండి. వేళచ్చేరి పాఠకుడి మొక్కల గతి పడుతుంది.

మోకాళ్ల నొప్పి, అలల దగ్గర నిలబడలేను. కూర్చుని గాలం వేసే వీలుందా?
*ఒక పాఠకుడు, సైదాపేట*

మంచినీటి చేపలు మీకోసమే. చేట్‌పట్ చెరువు పార్కులో గాలం వేయడానికి ఏర్పాటుంది. ఆ రోజు అనుమతిస్తున్నారో లేదో వెళ్లేముందు కనుక్కోండి. ఊరి చెరువుల్లో చాలావాటి చేపలు గుత్తకిచ్చినవి, అడగకుండా వేయకూడదు.

రీలు కూడా అక్కర్లేదు. పన్నెండడుగుల మడత కర్ర, అంతే పొడవు దారం, పదో నంబరు కొక్కెం, బెండు, చిన్న సీసం గుండు. బెండు కొస మాత్రమే నీటి పైకి కనిపించేలా గుండు సరిచేయాలి. బెండు ఎక్కువ తేలితే చేప ఎర తిని పోయినా తెలియదు. ఎరకు గోధుమపిండి రెండు వంతులు, వేరుశనగ చెక్క పొడి ఒక వంతు, తవుడు ఒక వంతు కలిపి చపాతీ ముద్దకన్నా గట్టిగా పిసికి శనగ గింజంత గుచ్చండి. నీట్లో విడిపోతుంటే ముద్దలో కాస్త దూది పోగు కలపండి. ఇదే తవుడు, చెక్క ముద్దలు నిమ్మకాయంతవి పది నిమిషాలకొకటి వేయండి. ఎక్కువ వేస్తే చేప కడుపు నిండి మీ ఎర ముట్టదు. బొచ్చె పైపొరలో, రోహు నడుమ, బంగారుతీగ అడుగున మేస్తాయి కాబట్టి ఇరవై నిమిషాలు కదలిక లేకపోతే చోటు కాదు, లోతు మార్చండి. కుర్చీ అడుగున్నర ఎత్తున్నదే తీసుకోండి. మడత స్టూలు మీద కూర్చుంటే లేచేటప్పుడే మోకాలు పట్టేస్తుంది.

నలుగురు మిత్రులం కలిసి వెళ్తాం. ఒకాయన ఎప్పుడూ పర్సు మరిచిపోతారు. చెప్పలేకపోతున్నాం.
*నలుగురిలో ఒకరు, పెరంబూరు*

చెప్పకండి. నెల మొదట్లోనే ఒక్కొక్కరి దగ్గరా సమానంగా తీసుకుని ఒక డబ్బాలో వేయండి. పెట్రోలు, ఎర, ఐసు, టీ అన్నీ అందులోంచే. మొదటి నెల డబ్బా ఆయన చేతికే ఇవ్వండి.

మట్టి పనితో వేళ్ల గీతలు అరిగి లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్ర పడటం లేదు.
*కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు, క్రోంపేట*

జీవన్ ప్రమాణ్‌లో, అంటే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్ ఏర్పాటులో, ముఖం చూపి ధ్రువీకరించే పద్ధతి 2021 నుంచీ ఉంది. ఫోనులో జీవన్ ప్రమాణ్ యాప్‌తోబాటు ఆధార్ ఫేస్ ఆర్డీ యాప్ కూడా ఉండాలి. రెండోది వేయకపోవడం వల్లే చాలామందికి ఆగిపోతుంది. కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చోండి, వెలుతురు వీపు వైపు ఉంటే కెమెరా పట్టదు. మీకు నవంబరు నెలంతా గడువు, ఎనభై నిండినవారికి అక్టోబరు 1 నుంచే. ఈపీఎస్ (ప్రావిడెంట్ ఫండు సంస్థ ఇచ్చే) పింఛనుదారులైతే ఏ నెలలోనైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. నవంబరు వానల్లో కరెంటూ నెట్టూ పోతుంటాయి, మొదటి వారంలోనే కానిచ్చేయండి.